తిమింగలం చేప కాదు

ఎలీయాజరు బెంగాల్‌లోని ఖిదిర్‌పూర్ డాక్‌లో ముప్పై నాలుగేళ్లు క్రేన్ నడిపాడు. చదువు పిచ్చి ఆయనకు ఆ క్రేన్ గదిలోనే పట్టుకుంది. ఒక్కోసారి ఓడ కోసం గంటలకు గంటలు ఎదురుచూడాలి. అంత ఎత్తు ఎక్కినవాడు మాటిమాటికీ దిగిరాలేడు. పల్లీలు కట్టిచ్చిన కాగితం మొదలు పాత క్యాలెండరు దాకా ఏది దొరికితే అది చదివేవాడు. కొత్త మాటో వింత సంగతో కనిపిస్తే చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. రిటైరయ్యేనాటికి అలాంటి పుస్తకాలు పదకొండు పోగయ్యాయి.

తెలుగు చర్చిలో ఆదివారపు బడివాళ్లు పాత నల్లబల్లను పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. ఏక్‌బాల్‌పూర్‌లో తాముండే మూడంతస్తుల ఇంటి మెట్ల పక్కన దాన్ని తగిలించాడు. పొద్దున్నే టీ తాగి వచ్చి ఒక మాట, దాని అర్థం, కింద ఒక సంగతి రాసేవాడు. ద్విపద అంటే రెండేసి పాదాల పద్యమని ఒకరోజు, కాగితం చైనాలో పుట్టిందని మరోరోజు, శుక్రగ్రహం ఒకసారి తన చుట్టూ తాను తిరిగేలోపు అక్కడ ఏడాది గడిచిపోతుందని ఇంకోరోజు.

ఆ ఇంట్లో తెలుగువాళ్లే ఎక్కువ. కానీ పిల్లలకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. ఆరేళ్లలో ఒక్కరైనా ఆగి ఇదేమిటని అడగలేదు.

"గోడకి సెప్పుకుంటన్నావు నువ్వు," అనేది భార్య మేరీరాణి.

"గోడ ఎదురు సెప్పదు గదా," అని నవ్వేవాడాయన.

మొన్న వానాకాలంలో ఒక పొద్దున 'తిమింగలం: లోకంలోకెల్లా పెద్ద చేప' అని రాసి, పక్కన నీళ్లు చిమ్ముతున్న బొమ్మ వేసి బజారుకు వెళ్లాడు. సంచితో తిరిగొచ్చేసరికి బల్ల ముందు ముగ్గురు నలుగురు గుమిగూడి ఉన్నారు. పైఅంతస్తు కారుణ్య, నర్సింగు చదివే పిల్ల, ఆయన్ని చూడగానే ఎదురొచ్చింది.

"తాతయ్యా, తిమింగలం చేప కాదు. పిల్లలకి పాలిస్తాది."

ఎలీయాజరు సంచి కింద పెట్టాడు. "నీకెవలు సదివి సెప్పేరు?"

"ఎవలూ సెప్పలేదు. నానే సదివాను." ఆ పిల్ల బల్ల మీద వేలు పెట్టి 'తి... మిం... గ... లం' అని కూడబలుక్కుంటూ చూపించింది. "రోజూ కాలేజీకెల్తూ ఒక్కో అచ్చరం సూసుకునీదాన్ని. అర్దం కాకపోతే అమ్మనడిగీదాన్ని."

కింది వాటాలో ఉండే బెంగాలీ ఆయన, అన్న అనే అర్థంలో అందరూ తపన్‌ దా అని పిలిచేవాడు, కల్పించుకున్నాడు. తమ బెంగాలీలోనూ అందరూ 'తిమి మాఛ్' అనే అంటారని, మాఛ్ అంటే చేపే కాబట్టి తప్పు ఈయనొక్కడిదే కాదని వాదించాడు. మిగిలినవాళ్లు ఒప్పుకోలేదు. బొమ్మ చూసి ఆగినవాళ్లు కూడా తలో మాట అన్నారు.

ఎలీయాజరు మెట్టు మీద కూలబడ్డాడు. ఏమయిందోనని మేరీరాణి గబగబా దిగొచ్చింది. చూస్తే ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు.

"తప్పు రాసీసినాను మేరీ," అన్నాడు. "నలుగురూ కనిపెట్టీసినారు."

మర్నాడు బల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాడు: 'నిన్న తప్పు రాశాను. తిమింగలం చేప కాదు. అది పిల్లలకు పాలిచ్చే జంతువు. చెప్పింది కారుణ్య.' ఆ పిల్ల తన పేరు దగ్గర ఆగి రెండుసార్లు చదువుకుంది. సుద్దముక్క అడిగి తీసుకుని, కింద వంకరటింకర అక్షరాలతో తనకు తెలిసిన సంగతి ఒకటి చేర్చింది: 'బాల్చీ పోర్చుగీసు మాట. బెంగాలీలో బాల్తి.' తపన్‌ దా అది చెప్పించుకుని, బల్లలో సగం తనకూ కావాలన్నాడు.

ఇప్పుడు వారానికి రెండు రోజులు కారుణ్య రాస్తుంది, ఒకరోజు తపన్‌ దా బెంగాలీలో రాస్తాడు. శనివారం మేరీరాణిది. ఆవిడ మొదటివారం రాసింది ఒకటే మాట: 'బేగి: తొందరగా.'

"కింద సంగతేటీ రాయలేదేటి?" అన్నాడు ఎలీయాజరు.

"అన్నం సల్లారిపోతంది. అదే సంగతి. పద."