రెండు కార్బురేటర్ల కాపురం

మా తమ్ముడు మోటారు సైకిళ్ల మెకానిక్కు. వీధిలో అందరూ వాణ్ని గొట్టం మేస్త్రి అంటారు. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస కార్బురేటరు మూతి దగ్గర పెట్టి వింటాడు గనక ఆ పేరు. పాతకాలపు రెండు సిలిండర్ల బండికి కార్బురేటర్లూ రెండే. రెండూ ఒక్కలాగే గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువ పీల్చి ఒకటి తక్కువ పీల్చిందా, బండి నిలబడ్డచోటే కుంటుతుంది. వీడు ఈ మూతీ ఆ మూతీ విని, స్క్రూ వెంట్రుకవాసి తిప్పి, రెండు బుసలూ ఒకటయ్యాక లేచి, "కాపురం కుదిరిందక్కా!" అని కేకేసేవాడు. వాడి సొంత కాపురానికి మాత్రం ఏ స్క్రూ పనిచేయలేదు. ఒంటినిండా పెట్రోలు కంపని మరదలు పుట్టింటికి పోయి అక్కడే ఉండిపోయింది.

షెడ్డు వెనక గది నాది. కూర తరిగేదీ, కునుకు తీసేదీ ఆ మోతలోనే. ఏ బండి కుంటుతోందో గదిలోంచే చెబుతాను. ఎందుకు కుంటుతోందంటే మాత్రం నన్నడగకండి.

కొన్నేళ్లుగా వాడి చెవులు మూతపడుతున్నాయి. వినికిడి మిషను పెట్టించాను. ఇంజను స్టార్టయితే చాలు, రేకుల మీద కంకర గుమ్మరించినట్టుందని తీసి మేకుకు తగిలించాడు. బళ్లు ఒక్కొక్కటే రావడం మానేశాయి. మిగిలింది రంగుల షాపాయనది ఒక్కటి, వాళ్ల నాన్న నడిపిన బండి. "ఇదీ పోతే ఇంక తలుపు తియ్యడం దేనికక్కా" అన్నాడు తమ్ముడు.

నిన్న పొద్దున ఆయన బండి తెచ్చాడు. తమ్ముడు గొట్టం ఒక చెవిలో పెట్టాడు, తీశాడు, రెండో చెవికి మార్చాడు. చివరికి దాన్ని పక్కన పడేసి, రెండు సైలెన్సర్ల వెనక రెండు అరచేతులు పెట్టి పొగ తాకిడి చూశాడు. కాయలు కాసిన చేతులవి. పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డ లేకుండా దించుతాడు. వాటికేం తెలుస్తుంది? అయినా స్క్రూలు తిప్పి, లేచి, "కాపురం కుదిరిందక్కా!" అన్నాడు.

బండి టకటక, టక్... టకటక, టక్... అంటోంది.

"బాగుంది మేస్త్రీ!" అని అరిచి, రంగుల షాపాయన నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "కుంటుతోంది కదండీ అక్కయ్యగారూ?"

"నాకెందుకు చెబుతారు? చేసినవాడు అక్కడున్నాడు."

"ఆయనతో చెప్పడానికి నోరు రావట్లేదండీ."

నా నోటికి అలాంటి జబ్బు లేదు. తమ్ముడి ముందుకెళ్లి "కుదర్లేదురా!" అని అరిచాను.

వాడు నా పెదాలు చూశాడు. తర్వాత గొట్టం తీసి నా చెవిలో పెట్టాడు.

"నీకు వినబడుతుందిగా. చెప్పు. ఏది ఎక్కువ పీలుస్తోంది?"

ఈ మూతి దగ్గర బుస. ఆ మూతి దగ్గరా బుసే.

"రెండూ ఒకేలా ఉన్నాయిరా."

"ఒకేలా ఉంటే కుంటుతుందా? సరిగ్గా విను!"

"బుసకీ బుసకీ తేడా ఏం తెలుస్తుందిరా, నేనేమన్నా పాములు పట్టేదాన్నా?"

"ఇన్నేళ్లూ షెడ్డులో ఏం చేశావే?"

"నీకు వండిపెట్టాను!"

రంగుల షాపాయన నవ్వబోయి మింగేశాడు.

కుడిది అన్నాను. కుడిది తిప్పాడు. కుంటు ఇంకా పెరిగింది. కాదు, ఎడమది అన్నాను. వాడు స్క్రూ వైపు చూడటం లేదు, నా మొహం చూస్తూ తిప్పుతున్నాడు. నా మొహంలో ఏముంది, బాగాలేదన్న ఒక్క ముక్క తప్ప? ఇంజను ఆగిపోయింది. స్క్రూడ్రైవరులో వణుకు పోయాక గాని ఆ సంగతి వాడికి తెలియలేదు.

"గాలి కొలిచే మీటర్లు పెట్టి చూసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి" అన్నాడు రంగుల షాపాయనతో, తల ఎత్తకుండా.

"దీనికి మీటరు తగిలించే కన్నమే లేదని మీరే అన్నారు కదా మేస్త్రీ, చెవితోనే చెయ్యాలని?"

తల ఎత్తలేదు గనక ఆ మాట వాడికి చేరలేదు. ఆయన నన్ను చూశాడు, నేను బండిని చూశాను. కిక్కు కొట్టీ కొట్టీ అలిసి, ఆయన స్టాండు తీసి తోసుకుంటూ బయలుదేరాడు.

తమ్ముడు వీధికి వీపు పెట్టి కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటున్నాడు.

"స్టార్టయిందా అక్కా?"

జవాబు చెప్పాలంటే అరవాలి. ఆయన ఇంకా మలుపు తిరగలేదు. అరిస్తే ఆయనకూ వినబడుతుంది. నోరు మూసుకుని నిలబడ్డాను.

వాడు మళ్లీ అడిగాడు.