ఫర్నేసు పక్కన స్టూలు

వీరవెంకటసత్యనారాయణ గారి సిద్ధాంతం ఒక్కటే: వేడెక్కినదేదైనా సరే, చల్లారేదాకా పక్కన మనిషి ఉండాలి. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు స్కూటర్ మీద వచ్చి, బండి ఆపి, దాని పక్కనే పది నిమిషాలు నిలబడేవారు.

"ఎవలన్న ఎత్కపోతరా సార్?" అనేవాడు వాచ్‌మన్ నర్సింహులు.

"ఇంజను ఇంకా వేడి మీదుంది నాయనా!"

ఆయన పని పళ్ళ తొడుగులు చేసే ల్యాబులో. జిర్కోనియా అనే తెల్లటి పింగాణీని అక్కడి ఫర్నేసులో పదిహేను వందల డిగ్రీల దగ్గర కాలుస్తారు. కొత్తగా చేరిన వాళ్ళెవరికైనా ఆయన పాఠం తప్పదు.

"ఉత్త జిర్కోనియా అయితే పదకొండు వందల డెబ్భై దాటగానే లోపల అణువులు వరస మార్చేస్తాయమ్మా. చల్లారేటప్పుడు పాత వరసకు పోతూ ఉబ్బి, ముక్కను పగలగొడతాయి. అందుకే ఇట్రియా అనే ఇంకో పొడి కలుపుతాం. అప్పుడు కొత్త వరసలోనే కుదురుగా నిలుస్తాయి."

"మరింక మనిషెందుకు సార్?" అని మంజూష చేరిన కొత్తలోనే అడిగింది.

"ఉండాలమ్మా. అంతే."

మంజూష భర్త సురేందర్ బైకు ప్రమాదంలో పోయి నెలన్నర. ఏడుద్దామంటే ఆమెకు చోటు లేదు. ఇంట్లో అత్త లచ్చమ్మను ఓదార్చాలి. ల్యాబులో టేబుల్ దగ్గర కూర్చుంటే చాలు, "ఎట్లయింది?" అంటూ ఒకరి తర్వాత ఒకరు. కాలితే తొడుగు ఐదో వంతు కుంచించుకుపోతుందన్నది మరిచిపోయి, ఒక ముసలాయనకు పాలపళ్ళంత తొడుగులు చేసింది. ఇంకొక్క తప్పు జరిగితే మానిపిస్తానన్నాడు ఓనర్ వివేక్.

ఆ రోజే సత్యనారాయణ గారు ఆమెను ఫర్నేసు ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. రోజూ మధ్యాహ్నమంతా కాపలా. అందరూ నవ్వుకున్నారు.

వారం తర్వాత ఫర్నేసు రిపేరుకు తారక్ వచ్చాడు. స్విచ్ తీసేసి, ఓనర్ ముందే అనేశాడు: "దీనికి కాపలా ఏంటండీ? చల్లారాక తలుపు దానంతటదే తెరుచుకుంటుంది."

ఇక ఉద్యోగం పోయినట్టేననుకుంది మంజూష.

"ఆ యంత్రం మీద నాకు నమ్మకం లేదు సార్. ఈ అమ్మాయి లేకపోతే నేనూ రాను," అన్నారు సత్యనారాయణ గారు.

ఓనర్ నెత్తి కొట్టుకుని వెళ్ళిపోయాడు. తారక్ కూడా సామాను సర్దుకుని పోయాడు.

"తలుపు సంగతి మీకు ఎర్కలేదా సార్?" అని అడిగింది మంజూష.

"దాన్ని చూసి కొనిపించిందే నేను కదమ్మా."

"మరి నన్నెందుకు కూసోపెట్టిండ్రు?"

ఆయన ఇబ్బందిపడుతూ కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఇక్కడైతే ఎవరూ వచ్చి పలకరించరు. కళ్ళు తుడుచుకున్నా వేడికే అనుకుంటారు."

ఇన్నాళ్ళుగా ఆగిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. మంజూష కొంగుతో మొహం ఒత్తుకుంది.

"జర వేడి ఎక్కువున్నది సార్."

రిపేరు కోసమని ఫర్నేసును ఆ రోజు అసలు వెలిగించనే లేదు.

"అవునమ్మా," అన్నారాయన. పాతికేళ్ళుగా హైదరాబాదులో ఉన్నా కాకినాడ యాస చెక్కు చెదరని మనిషి, తడబడుతూ కలిపారు: "మస్తు వేడి."

మంజూషకు ఏడుపులోనే నవ్వొచ్చింది.