ఛార్జీ డబ్బా మీద అరచెయ్యి

వర్డెల్ హచిన్స్ పుట్టు పిరికిది. కుక్కంటే భయం, ఉరుమంటే భయం, గొంతు పెంచి మాట్లాడే ఆఫీసరంటే మరీ భయం. అలాంటి మనిషి నలభై అడుగుల బస్సును, మంచు గడ్డకట్టిన కొండ రోడ్ల మీద, ఇరవై తొమ్మిదేళ్లు నడిపిందంటే మా కార్వర్టన్‌కు కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే ఆమె చెప్పే జవాబు ఒక్కటే.

"ధైర్యమా నా మొహమా! టైర్ల ఫ్యాక్టరీ మూసేశారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆకలి కంటే బస్సు నయమనిపించింది, ఎక్కాను."

ఆ భయమే ఆమెకు అన్నం పెట్టింది. మిగతా డ్రైవర్లు కాఫీ కప్పు పట్టుకుని ఆఖరి నిమిషంలో పరిగెత్తుకొస్తే, వర్డెల్ అరగంట ముందే డిపోకు వచ్చి ఒక్కొక్క టైరునూ బూటుతో తన్ని చూసుకునేది. ఇన్నేళ్లలో ఆమె ఫైలులో ఒక్క మచ్చ పడలేదు. అందుకే కొత్త డ్రైవర్లకు పని నేర్పే బాధ్యత ఆఫీసువాళ్లు ఆమెకే అప్పగించారు. నలభై మందికి పైగా ఆమె చేతి కింద తయారయ్యారు. అద్దాలు ఎలా చూసుకోవాలో నేర్పింది, మంచులో బ్రేకు ఎంత మెత్తగా తొక్కాలో నేర్పింది. ఏ పుస్తకంలోనూ లేనిది ఇంకొకటి కూడా నేర్పింది. ఇప్పుడు చెప్పబోయేదంతా దాని గురించే.

బస్సు ఎక్కగానే డ్రైవరు పక్కన ఛార్జీ డబ్బా ఉంటుంది. ఎక్కినవాళ్లు అందులో చిల్లర వేయాలి, లేదా దానికి కార్డు తాకించాలి. ఛార్జీ లేకుండా ఎవరినైనా ఎక్కనిస్తే డ్రైవరు డబ్బా మీదున్న బటన్ నొక్కాలి. నొక్కితే ఆ మనిషి లెక్కలోకి వస్తాడు, కానీ ఆ నొక్కు డ్రైవరు పేరు మీద పడుతుంది. నొక్కులు ఎక్కువైతే ఆఫీసరు పిలిచి ఎందుకని అడుగుతాడు.

తొమ్మిదేళ్ల కిందట ఒక జనవరి పొద్దున, లార్కిన్ వీధి స్టాపులో మిస్ ఆర్లీన్ పెట్‌వే బస్సెక్కింది. అప్పటికే డెబ్బై దాటిన మనిషి. చలికి వేళ్లు కొయ్యబారిపోయి పర్సులో చిల్లర చేతికి రావడం లేదు. ఆమె వెనక మరో ఆరుగురు ముసలివాళ్లు మంచులో నిలబడి వణుకుతున్నారు. వర్డెల్ చెయ్యి చాపి డబ్బా నోటిని అరచేత్తో మూసేసింది.

"లోపలికెళ్లి కూర్చోండి మిస్ ఆర్లీన్. దీనికివాళ ఆకల్లేదట."

"మరి రేపో, తల్లీ?"

"రేపటి సంగతి రేపే అడుగుదాం దాన్ని."

ఆ స్టాపులో దానికి మళ్లీ ఆకలి వేయలేదు. ఏడుగురు కాస్తా పదకొండు మందయ్యారు. కొండమీద పేటలో పింఛనుతో నెట్టుకొచ్చేవాళ్లు, కీళ్ల నొప్పులవాళ్లు, లైను చివరనున్న డయాలసిస్ కేంద్రానికి వెళ్లేవాళ్లు. వర్డెల్ అందరికీ అరచెయ్యి అడ్డం పెట్టేది, బటన్ మాత్రం ఒక్కనాడూ నొక్కలేదు. నొక్కితే ఆఫీసరు పిలుస్తాడు. ఆ అరచేతిలో సగం జాలి, సగం భయం.

ఇలా ఉండగా ఊరికి కొత్త కళ వచ్చింది. కింద నదీ తీరంలోని పాత టైర్ల గోదాములు అద్దాల అపార్టుమెంట్లయ్యాయి. వాటిలో కుక్కలకు స్నానాల గది కూడా ఉందట. కొండమీద మనుషులకు బస్టాపులో కూర్చోడానికి బెంచీ లేదు, అది వేరే సంగతి. ఆ అపార్టుమెంట్ల నుంచి యూనివర్సిటీ దాకా పది నిమిషాలకొక వేగంగా వెళ్లే బస్సు వేస్తామన్నారు. బస్సులేమైనా ఆకాశం నుంచి ఊడిపడతాయా? జనం ఎక్కని లైన్ల నుంచి తీస్తామన్నారు. ఆకులు రాలే కాలంలో తొమ్మిదో నంబరు లైనును అలాగే ఎత్తేశారు. ఎవరూ ఎక్కడం లేదట, పోనీలే అనుకున్నాం అందరం. వర్డెల్ కూడా అలాగే అనుకుంది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం డ్రైవర్ల విశ్రాంతి గదిలో గోడకు కొత్త కాగితం కనిపించింది. ఎత్తేయబోయే లైన్ల పట్టిక అది. మొదటి వరసలోనే తన ఇరవై మూడో నంబరు. కింద స్టాపుల వారీగా రోజుకు ఎంతమంది ఎక్కుతున్నారో రాశారు. లార్కిన్ వీధి ఎదురుగా సున్నా ఉంది.

వర్డెల్‌కు ముందు ఒళ్లు మండింది. లైన్ల ప్లాన్లు వేసే కిర్‌స్టన్ వోగ్లర్ అక్కడే మ్యాపు అంటిస్తోంది.

"అమ్మాయ్, ఈ లెక్క కట్టిన గుడ్డివాడెవడు? ఆ స్టాపులో రోజూ పదకొండు మంది ఎక్కుతారు. కళ్లారా చూసేదాన్ని నేను!"

"మనుషులెవరూ కట్టలేదండీ. మీ బస్సులో డబ్బానే కట్టింది," అంది కిర్‌స్టన్ మర్యాదగా. "దానికి అబద్ధం చెప్పాల్సిన అవసరమేముంది చెప్పండి?"

వర్డెల్ చేతిలోని కప్పులో కాఫీ తొణికి వేళ్ల మీద పడింది. ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. తొమ్మిదేళ్లుగా పదకొండు మందిని మాయం చేసిన చెయ్యి అది.

ఆ సాయంత్రం బస్సులు కడిగే షెడ్డు వెనక యూనియన్ నాయకుడు రే కొసిన్‌స్కీని పట్టుకుని అంతా చెప్పేసింది. రే వెనక్కీ ముందుకీ చూశాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"నీకే."

"నాకూ చెప్పలేదు. అర్థమైందా? లమార్ బిగ్స్ గుర్తున్నాడా నీకు? మేనకోడల్ని స్కూలుకు ఊరికే ఎక్కించుకున్నాడు. దొంగతనం అన్నారు. పింఛనుకు పదకొండు నెలలుందనగా గెంటేశారు. నీకింకెంత కాలముంది?"

"పద్నాలుగు నెలలు."

"అయితే పద్నాలుగు నెలలు నోరు కుట్టేసుకుని కూర్చో తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

వర్డెల్ నోరు కుట్టేసుకుంది. కానీ నిద్ర పట్టేది కాదు, ముద్ద దిగేది కాదు. లార్కిన్ వీధి దగ్గర ఇప్పుడు బటన్ నొక్కడం మొదలుపెట్టింది. నొక్కినప్పుడల్లా ఎవరో వెనక నుంచి భుజం తట్టినట్టు ఉలిక్కిపడేది. అంత ఉలికిపాటూ వృథాయే. ఆ పట్టిక లెక్క మార్చి నెలతోనే ముగిసిపోయింది.

ఒక పొద్దున మిస్ ఆర్లీన్ చేతిలో ఒక నోటీసుతో ఎక్కింది. లైన్లు ఎత్తేసే ముందు జనం మాట వినడానికి పెట్టే సభది అది. ఆమెకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇరవై మూడు లేకపోతే కాలిబాటైనా లేని రోడ్డు మీద రెండు మైళ్లు నడవాలి. వెళ్లేటప్పుడు నడిచినా, రక్తం శుభ్రం చేయించుకుని తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు నిలబడే ఓపిక కూడా ఉండదు.

"చూశావా తల్లీ ఈ విడ్డూరం? సున్నా అట! పదకొండుమందిమి నిక్షేపంలా ఉన్నాం. మేమేమన్నా దయ్యాలమా? నువ్వు సభకొచ్చి చెప్పు. రోజూ మమ్మల్ని చూసేది నువ్వే కదా."

"నాకారోజు డ్యూటీ ఉంది మిస్ ఆర్లీన్," అంది వర్డెల్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. అబద్ధం. ఆ రోజు ఆమె డ్యూటీ మూడింటికే అయిపోతుంది.

సభ నాలుగింటికి, లైబ్రరీ హాల్లో. వర్డెల్ వెళ్లకూడదనే అనుకుంది. కారులో కూర్చుని తాళం తిప్పింది, ఆపింది, మళ్లీ తిప్పింది. చివరికి వెళ్లి ఆఖరి వరసలో, తలుపు పక్క కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. మైకు దగ్గర ఒక చిన్న దీపం పెట్టారు. మాట్లాడేవాళ్లకు రెండు నిమిషాలు. పచ్చ వెలుగుతుంది, తర్వాత పసుపు, ఎరుపు రాగానే ఆపేయాలి.

మిస్ ఆర్లీన్ చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని మైకు దగ్గరకు నడిచింది. తను రోజూ బస్సెక్కుతానని, తనతో పాటు ఎవరెవరు ఎక్కుతారో పేరుపేరునా చెప్పింది. సభాపతి కళ్లజోడు తీసి ఓపిగ్గానే అడిగాడు.

"మీరు ఎక్కుతున్నట్టు ఏదైనా రుజువుందా అమ్మా? కార్డు లాంటిది?"

"కార్డెందుకు బాబూ, మా డ్రైవరమ్మాయి..."

అంతటితో ఆగిపోయింది. ముసలావిడ భుజాలు వాలిపోవడం వెనక వరస దాకా కనిపించింది. ఆ సున్నా ఎక్కడిదో ఆమెకు అప్పుడు తెలిసింది. మెల్లగా హాలంతా కలియజూసింది. తలుపు పక్కన వర్డెల్ కనిపించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మీ డ్రైవరు...?" అన్నాడు సభాపతి.

"ఏం లేదు బాబూ. రుజువేం లేదు నా దగ్గర," అని మిస్ ఆర్లీన్ వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

ఒక్క మాట చెబితే ఆమె బస్సు ఆమెకు దక్కేది. వర్డెల్ బతుకు పోతుందని ఆ మాట మింగేసింది. ఆ టోపీని వెనక నుంచి చూస్తుంటే వర్డెల్‌కు ఏడుపొచ్చింది. ఇంకెవరైనా మాట్లాడతారా అని సభాపతి ఒకసారి అడిగాడు, రెండోసారి అడిగాడు. కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. వర్డెల్ లేచి నిలబడింది. తను లేచినట్టు తనకే తెలియలేదు. మైకు దాకా నడిచిందో, కుర్చీలు పట్టుకుని ఈదిందో కూడా గుర్తు లేదు. పేరు చెప్పమంటే ఒక క్షణం పేరు కూడా తోచలేదు.

"ఇరవై మూడో నంబరు నేనే నడుపుతాను," అంది. "లార్కిన్ వీధిలో రోజూ పదకొండు మంది ఎక్కుతారు. వాళ్లని డబ్బా చూళ్లేదు, నేను చూడనివ్వలేదు. తొమ్మిదేళ్లు దాని మీద చెయ్యి పెట్టాను. వాళ్ల వేళ్లు పని చెయ్యవండీ చలికి. బటన్ నొక్కాలి, నొక్కలేదు. భయమేసింది. ఇప్పుడూ భయంగానే ఉంది. కానీ ఆ సున్నా వాళ్లది కాదు. నాది."

ఎరుపు వెలిగింది. "ధన్యవాదాలు," అన్నాడు సభాపతి, కాగితం మీద ఏదో రాసుకుంటూ. ఎవరూ అరవలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రే ఒక్కడే మూడో వరసలో తల పట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు పదింటికి ఆఫీసరు పిలిచాడు. జీవితమంతా ఏ పిలుపుకు భయపడిందో ఆ పిలుపు వచ్చేసింది. బ్యాడ్జీ, తాళాలు బల్ల మీద పెట్టించుకున్నాడు. విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నాడు. పింఛను సంగతేమిటని అడిగితే, "చూద్దాం" అన్నాడు. ఆ మాటకు ఎన్ని అర్థాలున్నాయో వర్డెల్ ఇంటికి వచ్చేదాకా వెతుక్కుంటూనే ఉంది. రే ఆమెను నానా మాటలూ తిట్టాడు, తిడుతూనే ఆమె తరఫున కాగితాలు దాఖలు చేశాడు. వారం తర్వాత కిర్‌స్టన్ నుంచి ఫోను వచ్చింది. ఇరవై మూడో లైనును నెల రోజులు మళ్లీ లెక్కపెడతారట. డబ్బా లెక్కలోకి వచ్చినవాళ్లే లెక్క. ఈసారి కూడా సున్నా వస్తే ఇక ఎవరూ చేయగలిగింది లేదు.

లెక్క మొదలైన రోజు పొద్దున ఏడూ నలభైకి వర్డెల్ మామూలు కోటు వేసుకుని లార్కిన్ వీధి స్టాపులో నిలబడింది. పదకొండు మందీ ఉన్నారు. మిస్ ఆర్లీన్ చిల్లరను రుమాలులో మూటకట్టి గుప్పిట్లో పట్టుకుంది. ఎవరూ ఆ సభ ఊసెత్తలేదు. మిస్ ఆర్లీన్ మాత్రం వర్డెల్ చెయ్యి తీసుకుని తన కోటు జేబులో పెట్టుకుంది, చలికి.

బస్సు వచ్చింది. నడుపుతున్నది డ్వైట్ శాంపిల్. ఏడేళ్ల కిందట వర్డెల్ దగ్గర పని నేర్చుకున్నవాడు. ముందు ఎక్కినావిడ మిస్ ఆర్లీన్. ఆమె రుమాలు ముడి విప్పబోతుండగా డ్వైట్ నవ్వుతూ చెయ్యి చాపాడు. అతని అరచెయ్యి డబ్బా నోటికి అడ్డం పడింది.

"వెళ్లి కూర్చోండమ్మా. దీనికివాళ ఆకల్లేదట."

వర్డెల్ ఒక్క ఉదుటున మెట్లెక్కి అతని మణికట్టు పట్టుకుని పైకి లేపింది.

"తియ్యి! ఆకలేస్తోంది దానికి. వెయ్యనీ వాళ్లని."

మిస్ ఆర్లీన్ నాణేలు ఒక్కొక్కటే గలగలమంటూ పడ్డాయి. డబ్బా టక్కుమంది. ఒకటి. తర్వాతి మనిషి, రెండు. డ్వైట్ బిక్కమొహం వేశాడు.

"మీరు నేర్పిందే కదా మిస్ వర్డెల్? లెక్క సంగతి నాకు తెలీదండీ. ఒట్టు. తొమ్మిదో నంబరు మీద నాలుగేళ్లూ ఇలాగే చేశాను."

వర్డెల్ అతని మణికట్టు వదల్లేదు. వెనక డబ్బా టక్కు టక్కుమంటూనే ఉంది. తను పని నేర్పిన నలభై మంది డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు ఆమె కళ్ల ముందు చెయ్యి చాపుతున్నారు.

"తొమ్మిదో నంబరు వాళ్లు ఇప్పుడెలా వెళ్తున్నారు?" అని అడిగింది.

"తెలీదండీ," అన్నాడు డ్వైట్.