మూడు గడుల కాగితం

స్టోరక్కకి ఫోను పని అప్పగించిన రోజు నేను పక్క టేబుల్ దగ్గరే ఉన్నాను. అడ్మిషన్ల గుమాస్తాని. సీట్లు నిండిపోయాక నాకు టీలు లెక్కపెట్టుకోవడం తప్ప పెద్ద పనేం ఉండదు.

అంతకుముందు పంతొమ్మిదేళ్లు ఆమె మా ప్రభుత్వ శిక్షణ కేంద్రంలో పనిముట్ల గది చూసింది. చిన్న కిటికీ, అవతల క్యూ. ట్రైనీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తే ఆమె ఇనుము అరగదీసే ఫైలో, కొలతలు తీసే కాలిపరో ఇచ్చి, దాని మేకుకి ఆ బిళ్ళ తగిలించేది. పనిముట్టు తిరిగొస్తే బిళ్ళ తిరిగెళ్లేది. సాయంత్రం మేకుల మీద ఒక్క బిళ్ళ మిగిలినా ఇంటికి కదిలేది కాదు. ట్రైనీల మొహాలు ఆమెకి గుర్తుండేవి కావు, కిటికీలోంచి కనిపించేవి చేతులేగా. "ఆ ఎడంచేతి పిల్ల", "ఆ గోళ్లు కొరుక్కునేవాడు" అని చెప్పేది.

స్టోర్ని కంప్యూటర్లోకి ఎక్కించాక కొత్త మనిషి వచ్చాడు. ఆమెని మా గదిలోకి మార్చి ఒక ఫోను, మూడేళ్లలో పాసైనవాళ్ల జాబితా, ఒక కట్ట కాగితాలు ఇచ్చారు. జాబితాలో నాలుగొందల పన్నెండు పేర్లు.

"చాలా తేలికమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్. "ఏం చేస్తున్నావని అడగండి. నేర్చిన పనిలో ఉంటే మొదటి గడి. వేరే పనిలో ఉంటే రెండోది. పని లేకపోతే మూడోది. దేశంలో ఉన్న కేంద్రాలన్నిటికీ ఇదే కాగితం. ఏ ట్రేడుకి ఎన్ని సీట్లుండాలో పైవాళ్లు దీన్ని బట్టే తేలుస్తారు. మొదటి గడి అరవై శాతం దాటకపోతే ఆ ట్రేడు సీట్లకి కోత."

"మూడూ కాకపోతే సార్?"

"కాకపోవడమేంటమ్మా? మనిషన్నాక పనిలోనైనా ఉంటాడు, ఖాళీగానైనా ఉంటాడు."

నాకూ అలాగే అనిపించింది. మొదటి రెండు రోజులు అలాగే జరిగింది కూడా. టిక్కు, టిక్కు, టిక్కు. మూడో రోజు ఆమె టిక్కు పెట్టబోయి చెయ్యి ఆపేసింది. అవతల మిషన్లు విప్పి బిగించే ఫిట్టరు ట్రేడు పాసైన ఒకతను. తర్వాత మా గదిలో అందరూ అతన్ని ఫిట్టరు అనే పిలిచారు, అసలు గొడవంతా ఆ మాట దగ్గరే అయినా. ఫోను స్పీకర్లో ఉంది కాబట్టి నాకూ వినిపించింది.

"సీసాల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌నక్కా. అంటే, కార్డు మీద అలాగే ఉంది."

"మరి చేసేదేంటి బాబూ?"

"రెండు బటన్లు. మిషన్ ఆగితే ఎర్రది నొక్కి, మళ్లీ ఆకుపచ్చది నొక్కాలి. ఆగకపోతే చూస్తూ కూర్చోవాలి."

"చెడిపోతే నువ్వు విప్పవా?"

"అమ్మో, ముట్టుకోనివ్వరు. మిషన్ అమ్మినవాళ్లే మనిషిని పంపుతారు. అక్కా, మీరే చెప్పండి. నేను ఫిట్టర్నేనంటారా?"

ఆమె నా వైపు చూసింది. నేను ఫైళ్లలో తల దూర్చాను. చివరికి గడి ఖాళీగా వదిలేసి, పక్కన పెన్సిలుతో "రెండు బటన్లు" అని రాసుకుంది.

సలహా కోసం లేత్ మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన లేత్ మిషన్ మీద ఇనుము చెక్కే టర్నరు ట్రేడు చెబుతారు, మాటకి ముందు కోపం వస్తుంది. "ఫైలు పట్టనివాడు ఫిట్టరేంటమ్మా! రెండో గడిలో పడెయ్యండి" అన్నారు. సరేనని వెనక్కి తిరిగింది. ఆయనే వెంట వచ్చి గొంతు తగ్గించారు. "మా టర్నరు ఒకడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో ఉన్నాడు. అదీ సన్నపు పనేగా? వాణ్ణి మాత్రం మొదటి గడిలో వెయ్యండి."

ఆ మర్నాడు ఎడంచేతి పిల్లకి ఫోన్ కలిసింది. టర్నరు ట్రేడు.

"పని లేదక్కా" అంది ఆ అమ్మాయి. వెనక ఏదో గరగరమంటోంది.

"మరి ఆ చప్పుడేంటమ్మా?"

"ఎదురింటివాళ్ల కుట్టుమిషన్. కడ్డీ అరిగిపోయింది, సాపు చేస్తున్నా."

"రోజూ ఉంటాయా ఇలాంటివి?"

"రోజూ ఎవరో ఒకరు తెస్తారు. మిక్సీలు, ఫ్యాన్లు, తాళాలు. అమ్మ వాకిట్లో ఓ బల్ల కూడా వేసింది."

"అయితే పని ఉన్నట్టేగా!"

"పని ఉందక్కా. ఉద్యోగం లేదు."

స్టోరక్క పెన్సిలు తీసి ఆ మాటని అలాగే రాసుకుంది.

"రాత్రి మా ఆయన్ని అడిగాను తమ్ముడూ" అంది మర్నాడు. వాళ్లాయన స్కూలు బస్సుల మెకానిక్, ఎక్కడా చదివి నేర్చుకున్నవాడు కాదు. "'మిమ్మల్ని ఏ గడిలో వెయ్యాలి?' అంటే, 'నాకు కాగితమే లేదు, గడెక్కడిదే?' అని ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన పనిలో ఉన్నట్టా, లేనట్టా?"

నెలాఖరుకి పెన్సిలు కాగితాలు ముప్పై ఏడయ్యాయి. ప్రిన్సిపాల్ వాటిని చూసి తల పట్టుకున్నాడు. "ఇంతమందిని గాల్లో వేలాడదీశారేంటమ్మా? కంప్యూటరు పెన్సిలు ఒప్పుకోదు. చేతిలో ఏదో ఒకటి ఉంటే మొదటి గడి, అంతే. శుక్రవారం ఆఖరు."

ఆమె మళ్లీ ముప్పై ఏడు మందికీ ఫోన్ చేసింది. గడులు మూడూ చదివి వినిపించి, "నీదేదో నువ్వే చెప్పు" అంది. దాంతో తేలిపోతుందనుకుంది పాపం. చాలామంది "మీ ఇష్టమక్కా" అన్నారు. కొందరు "ఏది రాస్తే మంచిది?" అని ఎదురడిగారు. ఆమె ఫోను పెట్టేసి, "మంచిదంటే ఎవరికి మంచిది తమ్ముడూ?" అని నన్నడిగింది.

ఫిట్టరు మాత్రం తొందరగానే చెప్పాడు. "కార్డు మీద ఉన్నదే రాసేయండక్కా. ఇంట్లోనూ అదే చెప్పాను." మొదటి గడి.

ఎడంచేతి పిల్ల ఇంకా తొందరగా చెప్పింది. "మూడోదే. లేకపోతే నేను ఉద్యోగం వెతుక్కుంటున్నానని ఎవరికి తెలుస్తుంది?"

ఆ ఒక్క టిక్కు మీద శుక్రవారం పెద్ద రగడే అయింది. టర్నరు ట్రేడు లెక్క యాభై తొమ్మిది శాతం దగ్గర ఆగిపోయింది. "వాకిట్లో బల్లేసుకుని వీధి వీధంతా బాగుచేసే పిల్లకి పని లేదా? ఇది స్వయం ఉపాధి!" అన్నాడు ప్రిన్సిపాల్. లేత్ మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఆ ఒక్కటీ మారిస్తే నా ట్రేడు బతుకుతుంది" అన్నారు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

స్టోరక్క మొహం చిన్నబోయింది. మాస్టారంటే ఆమెకి గౌరవం. "ఆ అమ్మాయే చెప్పింది సార్" అంది. ఎంతమంది ఎన్ని రకాలుగా అడిగినా అదే మాట. ఆమెకి ఖాయంగా తెలిసిన సంగతి అదొక్కటే మరి. అయిదు గంటలు కొట్టబోతుంటే ప్రిన్సిపాల్ విసుక్కుంటూ పంపు అనే బటన్ నొక్కాడు.

రెండు నెలల తర్వాత పైనుంచి ఉత్తరం వచ్చింది. రైలు పెట్టెల వర్క్‌షాపులో అప్రెంటిస్‌లు కావాలట. మూడో గడిలో ఉన్నవాళ్లకే పిలుపు. ఎడంచేతి పిల్ల వెళ్లింది, లేత్ మీద ఒక ముక్క తిప్పి చూపించింది, ఎంపికైంది. సర్టిఫికెట్ నకలు కోసం వచ్చినప్పుడు లేత్ మాస్టారు అందరికీ టీ పోయించారు. ఆయన ట్రేడుకి అయిదు సీట్లు తగ్గాయి. ఆ రోజు ఆయన సంతోషంగా ఉన్నారో బాధగా ఉన్నారో ఆయనకే తెలిసినట్టు లేదు.

ఆ వారంలోనే ఫిట్టరు ఫోన్ చేశాడు. "ఫిట్టర్లని కూడా పిలిచారటగా అక్కా. నాకు రాలేదేంటి?"

"నువ్వు మొదటి గడిలో ఉన్నావు బాబూ."

"అది మంచి గడేగా?"

"నేనూ అలాగే అనుకున్నాను" అంది ఆమె. "వచ్చే ఏడు చూద్దాం" అని పెట్టేసింది. నా వైపు తిరిగింది. "ఈ పిల్ల చెప్పినట్టు రాస్తే మేలైంది. ఆ అబ్బాయి చెప్పినట్టు రాస్తే చెడింది. నేను చేసింది ఒకటే కదా తమ్ముడూ?"

ఇద్దరం కూర్చుని పైకి ఉత్తరం రాశాం, మొదటి గడిలో ఉండి వేరే పని కోరుకునేవాళ్ల సంగతేంటని. నెలకి జవాబు వచ్చింది. మా ప్రశ్న ఏ విభాగం కిందికి వస్తుందో తెలపమన్నారు. అది మాకూ తెలియలేదు.

ఈ ఏడు కొత్త జాబితా వచ్చింది. స్టోరక్క గడులు నింపుతూనే ఉంది. అందరినీ ఇప్పుడు ఇంకో మాట కూడా అడుగుతోంది: "నీకేం చెయ్యాలనుంది?" జవాబుల్ని ఓ నోటుపుస్తకంలో రాస్తోంది. దాన్ని ఎవరికివ్వాలో, ఎందుకు రాస్తోందో ఆమెకే స్పష్టంగా తెలీదు. ప్రిన్సిపాల్ చూసీ చూడనట్టున్నాడు.

పాసై మూడేళ్లు దాటాయి కాబట్టి ఫిట్టరు పేరు కొత్త జాబితాలో లేదు. అయినా మొన్న అతనికీ ఫోన్ చేసి అడిగింది. అవతల మిషన్ మోతలో అతను ఆ ప్రశ్న రెండుసార్లు అడిగించుకున్నాడు.

"ఇదెవరూ అడగలేదక్కా" అన్నాడు. "ఆలోచించి చెప్తాను."

ఇంకా చెప్పలేదు.