భీవండికి పోయిన చిక్కుడు తీగ

అక్షిత బడి మానేసిందని మా మండలంలో ఇప్పటికీ చెబుతారు. తండ్రి బతుకుదెరువుకు మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భీవండి పోయాడు, పిల్లను వెంట తీసుకుపోయాడు, ఫోన్ చదువు సాగలేదు, పిల్ల మానేసింది. ఆన్‌లైన్ చదువుల గురించి ఏ సమావేశంలో మాట్లాడాల్సి వచ్చినా ఈ కథ సిద్ధంగా ఉంటుంది. చెప్పడం కూడా సులువే. ఇందులో తప్పంతా వలసది, ఫోనుది, తండ్రిది. కుర్చీల్లో కూర్చున్నవాళ్లది ఏమీ లేదు. నేను ఆ పిల్ల తరగతి టీచర్ను. ఆ పిల్ల తనంతట తాను బడి మానలేదు. ఈ మాట పదిమందిలో అన్నందుకు నాకు గొడవమనిషి అని పేరొచ్చింది. ఉండనీ.

2020 సెప్టెంబర్‌లో నన్ను సుల్తానాబాద్ దగ్గరి ఒక చిన్న పట్టణంలోని ప్రాథమిక పాఠశాలకు పని సర్దుబాటు కింద పంపారు. పని సర్దుబాటు అంటే బదిలీ కాదు. జీతం పాత బడిలోనే ఉంటుంది, మనిషి మాత్రం టీచర్లు తక్కువున్న బడికి పోవాలి. నా హోదా సెకండరీ గ్రేడ్ టీచర్, అంటే ఒకటి నుంచి ఐదు దాకా తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, ఏది అడిగితే అది చెప్పే మనిషి. డిగ్రీలో నాది వృక్షశాస్త్రం. ఆ సంగతి ఇరవై ఏళ్లుగా ఎవరికీ అవసరం పడలేదు.

అప్పుడు బడులన్నీ మూసి ఉన్నాయి. పాఠం టీవీలో వచ్చేది. మా పని ఆ తర్వాతది. తల్లిదండ్రుల ఫోన్లతో తరగతికో గ్రూపు పెట్టి, పాఠానికి తగిన అభ్యాస పత్రం అందులో వేయాలి. పిల్లలు చేసి ఫోటో పంపితే చూసి, ఎందరు పంపారో కాంప్లెక్స్‌కు చెప్పాలి. కాంప్లెక్స్ అంటే చుట్టుపక్కల చిన్న బడుల మీద అజమాయిషీ ఉన్న ఒక హైస్కూలు. అక్కడి ప్రధానోపాధ్యాయుడి దగ్గర మేమంతా చేతులు కట్టుకుని నిలబడాలి. నాకు చేతులు కట్టుకోవడం రాదు.

మూడో తరగతిలో మొక్కల పాఠాలు ఎక్కువ. ఎనిమిదేళ్ల పిల్లలకు మొక్క గురించి చెప్పడం ఉండదు, ముట్టించడమే ఉంటుంది. ఫోన్లో ముట్టించలేం కనుక వాళ్ల ఇంట్లో, వాకిట్లో ఉన్నదాన్నే చూడమనాలి. మొదట ఆకులు ఇచ్చాను. ఇంట్లో దొరికిన ఆకును కాగితం మీద పెట్టి, చుట్టూ గీత గీసి, ఏ ఆకారమో రాయమన్నాను. నేతగాళ్ల గల్లీ నుంచి వచ్చిన ఫోటోలన్నిట్లో ఆకు పలక ఆకారంలో ఉంది. నాలుగు మూలలు, నాలుగు అంచులు. ఆ గల్లీలో మగవాళ్లు మరమగ్గాల మీద ఉంటే ఆడవాళ్లు బీడీలు చేస్తారు. ఇంట్లో దొరికే ఆకు తునికాకే, అదీ బీడీకి కత్తిరించినదే. మా ప్రధానోపాధ్యాయుడు రాజమౌళి సార్ ఫోన్ చూసి పడిపడి నవ్వారు.

"మేడం, మీ పిల్లలు కొత్త చెట్టు కనిపెట్టిండ్రు."

"చెట్టు కాదు సార్, కత్తెర," అన్నాను.

రెండోది గింజ మొలకెత్తించే పని. గాజు గ్లాసులో తడి దూది, దాని మీద చిక్కుడు గింజ, రోజుకో ఫోటో. ఎవరూ ఏమీ కొనొద్దని, ఉన్నదాంతోనే చేయాలని గట్టిగా చెప్పాను. వ్యవసాయం చేసే ఇళ్లలో గింజలు చక్కగా మొలిచాయి. నేతగాళ్ల గల్లీలో మొదట ఒక్కటీ మొలవలేదు. దూది కొనొద్దన్నాను కదా, వాళ్లు సాంచాల కింద పడే పీచు తెచ్చి గ్లాసుల్లో కూరారు. సాంచా అంటే మా వైపు మరమగ్గం. తెల్లగా, మెత్తగా, చూడ్డానికి దూదిలాగే ఉంటుంది కానీ అది పాలిస్టర్. నీళ్లు పోస్తే కిందికి దిగి మడుగు కట్టాయి. పైనున్న గింజ ఎండింది, జారిపడిన గింజ కుళ్లింది.

నేను కారణం రాసి గ్రూపులో వేద్దామనుకుంటుండగా ఒక గొంతు సందేశం వచ్చింది.

"మేడం, నేను అక్షితను. నేను రెండు గిలాసల పెట్టిన. ఒకదాంట్ల సాంచల పీచు, ఒకదాంట్ల మా నాయినమ్మ దగ్గరి నూలు. నూలు నీళ్లు తాగింది. పీచు తాగలే. అందుకే గింజ గుడ తాగలే."

నేను రాయబోయినదాని కన్నా అది బాగుంది. దాన్నే గ్రూపులో అందరికీ వినిపించాను.

ఈ పిల్ల సంగతి కొంచెం చెప్పాలి. లాక్‌డౌన్‌లో భీవండి నుంచి తిరిగొచ్చిన కుటుంబం వాళ్లది. ఆ వేసవిలోనే తండ్రి శ్రీనివాస్ వచ్చి మూడో తరగతిలో పేరు రాయించాడు. అప్పటికే బడి మూసి ఉంది కనుక ఆ పిల్ల మా తరగతి గదిలో ఎప్పుడూ కూర్చోలేదు. గోడ మీది బొమ్మలు, గంట, మధ్యాహ్నం వరుస, ఏవీ ఎరగదు. ఆమెకు బడి అంటే తండ్రి జేబులోని ఫోన్.

మరుసటి ఏడాది మొదట్లో, సాంచాల పని ఇక్కడ సరిగా దొరక్క, శ్రీనివాస్ మళ్లీ భీవండి బయల్దేరాడు. నేను ఇంటికి పోయాను. పిల్ల అరుగు మీద కూర్చుని, సగానికి కోసిన నీళ్ల సీసాలో, నూలులో మొలిచిన ఆ చిక్కుడు మొక్క చుట్టూ మట్టి నొక్కుతోంది.

"పిల్లను నాయినమ్మ దగ్గర ఉంచరాదు శ్రీనివాస్?"

"మా అవ్వకే కండ్లు కనవడయి మేడం. ఈమె ఎవలను చూస్తది?"

"మరి ఆడ బడి?"

"తెలుగు బడి మేముండే కాడికి దూరం. మరాఠీ బడిల ఏస్తే మల్ల ఒకటో తరగతిల కూసోవెడ్తరట. మీరు ఫోన్ల మంచిగ చెప్తుండ్రు గద మేడం, గదే నడువనియ్యుండ్రి. నేను రీచార్జ్ ఆపను."

"నడుస్తది. ఫికర్ చేయకు," అన్నాను. అప్పటి ఉత్తర్వుల ప్రకారం అది అక్షరాలా నిజం. పిల్ల ఎక్కడుందని ఎవరూ అడగడం లేదు, ఫోటో వచ్చిందా అనే అడుగుతున్నారు.

అక్షిత మాత్రం నా ముఖం వైపు చూడలేదు. "రైల్ల చెట్టును ఒళ్లె పెట్టుకోవాల్నా, కింద పెట్టాల్నా మేడం?" అని అడిగింది. ఒళ్లోనే పెట్టుకోమన్నాను.

మొక్క బతికే చేరింది. భీవండి నుంచి ఫోటోలు మొదలయ్యాయి. అక్కడ వాళ్లది ఒక గది, పై భాగంలో చిన్న కిటికీ. కొన్ని వారాల్లో తీగ సన్నగా, పాలిపోయి, ఆకుకూ ఆకుకూ మధ్య జానెడు దూరంతో పెరిగింది.

"మేడం, నా చెట్టు అందరి చెట్ల కన్న పొడుగైంది. గని నిలవడతలేదు, పండుకుంటుంది. ఎందుకట్ల?"

వృక్షశాస్త్రంలో దీనికి పెద్ద పేరుంది, పిల్లలకు అక్కర్లేదు. వెలుతురు చాలని మొక్క బలం మానేసి పొడవు పెరుగుతుంది, వెలుతురును వెతుక్కుంటుంది. ఇదే మాట చెప్పి, నమ్మొద్దు, చూడు అన్నాను. నూలు కోన్లు వచ్చే అట్టపెట్టెకు ఒక పక్క చిల్లి పెట్టి, మొక్కను లోపల ఉంచి, ఎటు పోతుందో చూడమన్నాను. అదే పనిని తరగతి మొత్తానికి ఇచ్చాను. ఆ వారం ఇక్కడి పిల్లలంతా భీవండిలో ఒక పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు వెతికారు. ఇరవై ఏళ్ల కొలువులో అంత మంచి పాఠం నేను ఇంకొకటి చెప్పలేదు. చెప్పిందీ నేను కాదనుకోండి.

ఆ ఏడాది పరీక్షలు లేకుండా అందర్నీ పై తరగతికి పంపారు. అక్షిత కూడా నాలుగుకు వచ్చింది. 2021 సెప్టెంబర్‌లో బడులు తెరిచారు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ గేట్లోంచి వచ్చారు. నేనూ సంతోషించాను. దాంతోపాటే, ప్రత్యక్ష బోధన మొదలైంది కనుక గ్రూపుల్లో అభ్యాసాలు ఆపేయాలని, హాజరు బడికి వచ్చినవాళ్లకే వేయాలని పైనుంచి కబురొచ్చింది.

రాజమౌళి సార్ చెడ్డమనిషి కాదు. తన పాత బడిలో పనిచేసినప్పుడు, రాని పిల్లల పేర్లు పట్టీలో ఉన్నాయని తనిఖీలో పట్టుబడి, సంజాయిషీ రాసిచ్చి వచ్చినవాడు. ఆయన భయం ఆయనది. హాజరు పట్టీ నా ముందు పెట్టి మెల్లగా అడిగారు.

"మేడం, ఈ పిల్ల ఈడ అన్నం తింటదా?"

"తినదు."

"బెంచీల కూసుంటదా?"

"కూసోదు. నిరుడు ఎవరు కూసున్నరు సార్?"

"నిరుడు నిరుడే. మన బడి గడప తొక్కని పిల్లకు నేను హాజరు ఎట్ల వెయ్యాలె? రేపు పెద్ద సార్లు వచ్చి ఏది ఆ పిల్ల అంటే, మీ ఫోన్ల చిక్కుడు చెట్టును చూపియ్యాల్నా?"

"చూపియ్యుండ్రి. మనం నిరుడు మొత్తం గదే చూపిచ్చినం."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను కాంప్లెక్స్ సమావేశంలో లేచి అడిగాను. నేర్చుకుంటున్న పిల్లను నేర్చుకోవడం లేదని ఎట్లా రాస్తామన్నాను. ఒక్క పిల్ల కోసం నియమం మార్చరన్నారు. నియమం మార్చొద్దు, ఆ పిల్ల అక్కడ ఏ బడిలోనైనా చేరేదాకా ఆగండి అన్నాను. వెనక వరుసలో ఎవరో, మేడం మొదలువెట్టింది, ఇయ్యాల మనకు ఇంటికి పోయేది లేదు అన్నారు. అందరూ నవ్వారు. సమావేశం ముందుకు పోయింది.

పిల్ల ఊరు విడిచి, కొత్త బడి ఆమెను ఇంకా తీసుకోకపోతే, ఆ పేరును కంప్యూటర్లో డ్రాప్‌బాక్స్ అనే చోట వేస్తారు. కొత్త బడివాళ్లు అందులోంచి ఎత్తుకుంటే పిల్ల వాళ్లదవుతుంది. ఎత్తుకోకపోతే అందులోనే ఉంటుంది. అక్షితను అందులో వేశారు. గ్రూపులో టీచర్లు మాత్రమే రాయగలిగేలా సెట్టింగ్ మార్చారు.

మరునాడు నా సొంత నంబరుకు సందేశం వచ్చింది. వెనక సాంచాల చప్పుడు.

"మేడం, గ్రూపుల నా ఫోటో పోతలేదు. మా బాపు ఫోన్ ఖరాబైందా?"

"లేదు బిడ్డా. బడి తెరిచిండ్రు. అందరు బడికి వస్తుండ్రు. అందుకే గ్రూపు బంద్ వెట్టిండ్రు."

ఇంకో సందేశం వచ్చింది.

"మరి నేను గుడ రోజు వస్తనే ఉన్న గద మేడం."

ఫోటోలు ఇక నా నంబరుకే పంపమన్నాను. పంపింది. చిక్కుడు పూత పట్టింది. పువ్వు ముందా కాయ ముందా అని అడిగింది, పూవును విప్పి చూడమన్నాను. శ్రీనివాస్‌కు ఫోన్ చేసి అక్కడి బడిలో వేయమని పోరాను. "వేస్త మేడం, ఈ నెల పోనియ్యుండ్రి" అనేవాడు. ఆయన అబద్ధమాడాడని నేను అనను. ఒక్కపూట పని వదిలితే ఆ ఇంట్లో ఏమవుతుందో నాకు తెలియదు.

ఫోటోలు తగ్గాయి. ఒకసారి ఎక్కడి నుంచి మాట్లాడుతున్నావని అడిగితే, "కండెలు చుడుతున్న మేడం. అవ్వకు జరమొచ్చింది, జర్రసేపే," అంది. అవ్వ అంటే మా వైపు అమ్మ, కండె అంటే మగ్గంలో అడ్డపోగుకు చుట్టుకునే నూలు చుట్ట. చిన్న వేళ్లకు తొందరగా వచ్చే పని. తర్వాత ఆ జర్రసేపు అనే మాట కూడా పోయింది. సందేశాల్లో చప్పుడు ఎక్కువై గొంతు తక్కువైంది. చివరికి ఆ నంబరుకు చేస్తే హిందీలో మరెవరో పలికారు. వాళ్లకు శ్రీనివాస్ తెలియదు.

నేతగాళ్ల గల్లీకి పోయి నాయినమ్మను అడిగాను. ఆమె నా చేయి తడిమి గుర్తుపట్టింది.

"మంచిగనే ఉన్నరట బిడ్డా. పిల్ల పని నేర్చిందట. పెద్దోళ్ల లెక్క చుడుతుందట." ఆమె సంబరంగానే చెప్పింది. కొత్త నంబరు ఆమెకు తెలియదు. కొడుకే ఎవరి ఫోన్ నుంచో ఎప్పుడైనా చేస్తాడట.

నేను మోకాళ్ల నొప్పులతో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. ఈ పిల్ల వల్లే వదిలేశానని కూడా కొందరు అంటారు. అదీ అబద్ధమే, ఎముకల డాక్టరును అడగండి.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది. చిన్నపిల్లలకు మొక్కల గురించి ఫోన్లో చెప్పవచ్చా అని ఇప్పటికీ వాదించుకుంటారు. చెప్పవచ్చు, నేను చెప్పాను, వాళ్లు నేర్చుకున్నారు. కానీ పాఠం అందడం వేరు, పిల్ల ఒక బడికి చెందడం వేరు. మొదటిదానికి ఫోన్ చాలు. రెండోదానికి పొద్దున్నే పేరు పిలిచి, పలకకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషిని తీసేయడానికి మాకు ఉత్తర్వు వచ్చింది. ఇంకొకరిని పెట్టమని ఎవరికి వచ్చిందో నాకు తెలియలేదు. ఇక్కడి అధికారులను అడిగితే పిల్ల మా పరిధిలో లేదన్నారు. అక్కడివాళ్లకు రాస్తే అలాంటి పేరు మా దగ్గర లేదన్నారు. రెండూ నిజమే. అయితే నా పిల్ల పేరు ఆ డ్రాప్‌బాక్స్ డబ్బాలో ఉన్న ప్రతి ఉదయం, అక్షితా అని పిలవాల్సిన టీచర్ ఎవరు?