మా కోడలు పక్కకి తప్పుకోవడం మానేసిన వారం

"ఎనకాల కారొత్తంది మావా, సూసుకో" అన్నాను.

"నువ్వు సూసావు కదేటి, సాల్లే" అన్నాడు.

నాకూ మా ఆయనకీ మధ్య ఆఖరి మాటలు అవే. పోయే మనిషితో ఏదో గొప్ప మాట అనుకుని ఉండాలంటారు అందరూ. మేం కారు గురించి అనుకున్నాం. రేవు నుంచి చేపల బుట్టతో గోపాలపట్నం బజారుకి క్షేమంగానే చేరాం. బండికి స్టాండు వేసి గట్టు మీద కూర్చున్నాడు, గుండె ఆగిపోయింది. అన్నేళ్ళు కార్ల మధ్య బతికి బయటపడ్డవాడు ఉత్తినే కూర్చుని పోయాడేమిటని నాకిప్పటికీ కోపమే.

మైల తీరగానే చిక్కొచ్చింది. బజారులో నా చోటు ఖాళీగా ఉంటే ఇంకెవరో బుట్ట దించేస్తారు. అది పోతే నా కూడు పోయినట్టే. చిన్నకొడుకు వేటకి పోతాడు. పెద్దవాడు అద్దెకారు నడుపుతాడు. "మానీయే అమ్మా. ఆ రోడ్డు మీద నాలాంటోల్లు తోల్తారు" అన్నాడు వాడు.

"బండి నాను తోల్తానత్తా" అంది చిన్నకోడలు. ఇప్పుడిది రాస్తున్నది ఆ పిల్లే.

పెద్దవాడు వారం గడువిచ్చాడు. ఈలోగా ఆ పిల్ల రోడ్డు మీద బెదిరితే బండి అమ్మేస్తానన్నాడు.

ఇద్దరం హెల్మెట్లు పెట్టుకున్నాం. నా కొప్పు పట్టక, ఈ వయసులో జడ వేసుకున్నాను. కోడలికి బండి బాగానే వచ్చు. కానీ హారన్ వినబడితే చాలు, రోడ్డు అంచుకి ఒదిగిపోయేది. మా ఇళ్ళల్లో బావగారు, అంటే మొగుడి అన్న, ఎదురొస్తే తమ్ముడి పెళ్ళాం గోడవారకి తప్పుకుని, ఆయన దాటేదాకా తలెత్తదు. ఈ పిల్ల హైవే మీది కార్లన్నిటికీ అదే మర్యాద చేస్తోంది! సందు దొరికింది కదా అని ప్రతివాడూ మా మోకాళ్ళు రాసుకుంటూ దూరేవాడు. ఒకడైతే మా ముందునుంచే ఎడమకి తిప్పేశాడు. బ్రేకు వేసేసరికి బుట్టలోని చేప ఒకటి ఎగిరి రోడ్డున పడింది.

"ఒలే గుంటా, ఆ కార్లలో నీ బావగోర్లు నేరు! మర్యాద ఇంటికాడ సెయ్యి. ఈడ లైను మజ్జిన నడు."

"హారన్ కొడతన్నారత్తా!"

"కొట్టనీ. హారన్ తగిలి ఎవులూ సావనేదు."

మా ఆయన వెనక కూర్చుని నేర్చుకున్నదంతా దాని చెవిలో అరిచాను. కారుకి పక్కలైటు వెలిగిందని నమ్మకు, ముందు చక్రం ఎటు తిరుగుతోందో చూడు. వాడి అద్దంలో వాడి మొహం నీకు కనబడకపోతే నువ్వూ వాడికి కనబడవు, అక్కడ ఉండకు. ఆగిన కారు పక్కనుంచి పోతే తలుపు తెరుచుకునేంత ఎడం ఉంచు.

వారం ఆఖరున వెనక ఒక తెల్లకారు అదేపనిగా హారన్ మోగించింది. కోడలు అద్దంలో చూసింది, భుజాలు బిగించింది, లైను మాత్రం వదల్లేదు.

నేను వెనక్కి తిరిగి, "ఏట్రా ఆ తొందర, పెళ్ళికెల్తన్నావా?" అని అరిచాను.

సిగ్నల్ దగ్గర ఆ కారు మా పక్కనే ఆగింది. అద్దం దిగింది. చూద్దును కదా, మా పెద్దవాడు! ఓనరు రోజుకో కారు ఇస్తాడు, గుర్తుపట్టేదెలా?

కోడలు హెల్మెట్ మీదికి చున్నీ లాక్కోబోయింది.

"సేతులు ఒదిలేవంటే సంపుతాను" అన్నాను.

వాడు మరదలి వైపు చూడకుండా, రోడ్డు చూస్తూ నాతో అన్నాడు: "అమ్మా, రేవు కాడ్నించి ఎనకాలే ఒత్తన్నాను. దారిత్తాదేమోనని హారన్ కొట్టి కొట్టి నా సెయ్యి నొప్పెట్టింది."

"ఇచ్చిందేటి?"

"నేదు." కాసేపు స్టీరింగు మీద వేళ్ళు ఆడించాడు. "ఇవ్వొద్దని సెప్పు. బండి అమ్మన్లే."

పచ్చలైటు పడింది. వాడు కదల్లేదు, మేం ముందు పోవాలని. బజారుకి వెళ్ళేసరికి పక్కామె తన గంపని సగం నా చోటులోకి జరిపేసి ఉంది. దాన్ని వెనక్కి నెట్టి కూర్చున్నాను.

ఏటే ఆ నవ్వు? రాసింది సాలు. ఇప్పుడు మొదట్నించి సదివి ఇనిపించు. నీ బావగోరి కాడికొచ్చేసరికి గొంతు తగ్గించీకు.