సోబానా తడి బొటనవేలు

సోబానాకి కర్ర కనిపిస్తే చాలు, బొటనవేలు నోట్లో పెట్టి తడిచేసి దాని మీద రుద్దకుండా ఉండలేడు. అది ఎవరి కర్ర, చుట్టూ ఎవరున్నారు అన్న విచారం లేదు. బాందుంగ్ తూర్పు కొసన ఆ కొండవాలు సందులో అతని వేలు పడని గుమ్మం లేదు, మంచం లేదు, చపాతీ కర్రంత ముక్క లేదు.

భార్య ఎంతిన్‌కి ఇది ముప్ఫై ఏళ్ళ తలవంపు. పెళ్ళిచూపుల్లో అందరూ పిల్లని చూస్తుంటే ఇతను బల్లని చూశాడు. వేలు తడిపి రుద్ది, "ఆహా, ఏం అలలు!" అన్నాడు. తన జుట్టుని చూసి అన్నాడనుకుని ఆవిడ అప్పటికప్పుడు ఒప్పేసుకుంది. తప్పు తెలిసేసరికి ఇద్దరు పిల్లలు.

కుర్చీలకీ మంచాలకీ మెరుగు పెట్టే పనిలో జీవితమంతా గడిపి ఇంటికొచ్చాడు. పని వదిలింది గానీ వేలు వదల్లేదు. "పొడి కర్ర నిద్రపోతుంటుందే. తడి తగిలితే లోపలున్న అలలూ చారలూ లేచి కూర్చుంటాయి," అనేవాడు. మొన్నటికి మొన్న వాడ పెద్ద ఇంట్లో సమావేశం. పెద్దాయన మాట్లాడుతుంటే, ఆయన మోచేతిని పక్కకి జరిపి మరీ కుర్చీ చేతిని రుద్దాడు.

"సోబానా, నేను మురుగుకాలవ గురించి చెబుతున్నాను."

"చెప్పండి, చెప్పండి. మోచెయ్యి మాత్రం మళ్ళీ పెట్టకండి. తడిగా ఉంది."

అలాంటి మనిషి ఒక పొద్దున, ఎంతిన్ మట్టి మూకుళ్ళలో సురాబి అట్లు పోస్తుండగా వచ్చి, "కరెంటు బేస్ గిటార్ చేస్తాను," అన్నాడు.

"మీకు వాయించడం వచ్చా?"

"రాదు."

"పోనీ చెయ్యడం వచ్చా?"

"అదీ రాదు. కర్ర దొరికింది."

ఆ దొరకడం ఎలాంటి దొరకడమంటే, బక్సో పులుసు అమ్మే కర్నా కొట్టు ముందు నలుగురు కూర్చుని తింటున్న బెంచీ. ఎవరో పులుసు ఒలికించారు. తడిసినచోట ఎర్రటి సురెన్ కర్ర మీద అలలు లేచాయి. సోబానా అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"లేవండి, లేవండి!"

"బాబాయ్, ఇంకా మాంసం ఉండలు మిగిలాయి."

"నిలబడి తినండి, ఒంటికి పడుతుంది."

కర్నాకి వెనక ఆనుకునే బెంచీ కొత్తది చేసిచ్చి, పాతదాని పలక భుజాన వేసుకుని వచ్చాడు. సురెన్ తేలిక కర్ర. అయినా దాన్ని రాజుగారి పల్లకీలా మోసుకొచ్చాడు.

అక్కణ్ణుంచి ఇంట్లో ఊపిరాడలేదు. వంటింటి వెనక వసారా అంతా పొట్టు. రెండు వేళ్ళ మందం పలకని నిలువునా, బన్ను చీల్చినట్టు రెండు పొరలు చెయ్యాలి. పుస్తకంలా విప్పి పక్కపక్కన పరిస్తే ఎడమ పేజీ కుడి పేజీ ఒకదానికొకటి అద్దం పట్టినట్టుండాలి. రంపం పిసరు తొలిగితే ఒక పొర మందం, ఒక పొర అప్పడం. ఇంకో పలక లేదు. కర్నా దగ్గర ఇంకో బెంచీ లేదు.

రంపానికి రెండో కొస పట్టుకోవడానికి ఎంతిన్ తప్ప దిక్కు లేదు.

"ఊపిరి పీల్చకు," అన్నాడు సోబానా.

"ఎంతసేపు?"

"ఓ గంట."

కోత సగం దాటింది. గీత మీదే పోతోంది. ఎంతిన్ చేతులు లాగుతున్నాయి, ముక్కు మీద చెమట జారుతోంది, తుడుచుకునే వీల్లేదు. ఉన్నట్టుండి రంపం కీచుమంది. సోబానా మొహం గోడకి కొట్టిన సున్నంలా అయిపోయింది.

"మేకు," అన్నాడు మెల్లగా. "బెంచీలో ఎప్పుడో విరిగిన మేకు."

లాగితే కర్ర చీలుతుంది, వదిలేస్తే రంపం ముందుకి పోదు. సన్నటి ఉలి తెచ్చి, పంటి నొప్పి ఉన్నవాడి నోట్లో చెయ్యి పెట్టినట్టు, అణువణువుగా తవ్వాడు. ఆ పూట అట్లు మాడాయి. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా వసారా గుమ్మంలో నిలబడి నోరు మూసుకుని చూశారు. మసీదులో మధ్యాహ్నం బాంగు వినిపించే వేళకి మేకు బయటికొచ్చింది. మిగతా కోత కోసి పొరలు రెండూ విప్పి పరిచాడు.

రెండు పక్కలా అలలే. మేకు తుప్పు దిగిన నల్లమచ్చలు రెండు, పులి కళ్ళలా. ఎంతిన్ తనకి తెలియకుండానే బొటనవేలు నోట్లో పెట్టుకుంది. పెట్టుకున్నాక తెలిసి, "ఛీ!" అని పావడా అంచుకి తుడుచుకుంది.

ఇలా నెల దాటింది, బేస్ తయారైంది. ఒక రోజు నినింగ్ వచ్చింది. పెళ్ళిళ్ళలో దంగ్దుత్ పాటలు పాడే బృందం ఆవిడదే. ఆవిడ గొంతు ఎత్తితే పక్క సందులో కోళ్ళు గంపల్లోకి దూరతాయి. ఆ బృందంలో ఇరవై ఏళ్ళు బేస్ వాయించినవాడు జుహేరి. అతను తీగ మీటితే వంటవాళ్ళు గరిటెలతో సహా ఊగేవారు. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది గానీ, తీగలు నొక్కే ఎడమచెయ్యి లేవలేదు. గిటార్ ఎవరికో ఇచ్చేసి, తలుపులేసుకుని కూర్చున్నాడు. నినింగ్ రెండుసార్లు వెళితే తలుపు వెనకనుంచే పొమ్మన్నాడు.

నినింగ్ బేస్‌ని చేతిలోకి తీసుకుంది. లోపల అక్కడక్కడ గుల్ల చేశాడేమో, బుట్టంత తేలికగా ఉంది. మెడ చూసి పకపకా నవ్వింది.

"ఇదేంటి బాబాయ్, మెడ నాలుగంగుళాలు పొట్టి! కొలత తప్పావా?"

"కర్ర అంతే వచ్చింది," అన్నాడు సోబానా నేల చూస్తూ.

"నా కూతురి పెళ్ళిలో వాయించడానికి పనికొస్తుందేమోనని వచ్చాను. బొమ్మలా ఉంది. ఆదివారానికి సొంత బేస్ ఉన్న మనిషిని మాట్లాడుకుంటాలే."

ఆవిడ వెళ్ళాక ఎంతిన్ మంచం కిందికి వంగి చూసింది. మెడకోసం తెచ్చిన కర్రలో మూరెడు ముక్క మిగిలే ఉంది. అబద్ధం! ముప్ఫై ఏళ్ళలో ఈయన కర్ర విషయంలో అబద్ధమాడింది లేదు. పైగా రోజూ నాలుగింటికి గొడుగు పట్టుకుని మాయమై, గంట తరవాత వస్తున్నాడు. ఎక్కడికంటే, "ఒక బీరువా ఉంది, చూడాలి," అంటాడు. రోజూ చూడాల్సినంత బీరువా ఎవరింట్లో ఉంది? ఆ బీరువాకి వయసెంత? జడ వేస్తుందా?

మర్నాడు జోరువానలో ఎంతిన్ వెనకే బయల్దేరింది. మలుపు తిరిగితే విధవరాలు ఈయాహ్ ఇల్లు. సోబానా దాన్ని దాటిపోయాడు. ఎంతిన్‌కి సగం ప్రాణం వచ్చింది. చివరి ఇంటి ముందు ఆగి, తలుపు తట్టకుండా లోపలికి పోయాడు. అది జుహేరి ఇల్లు. ఎంతిన్ చూరు నీళ్ళ కింద నిలబడి కిటికీలోంచి చూసింది.

జుహేరి కుర్చీలో ముడుచుకుని ఉన్నాడు. సోబానా బీరువా ముందు నిలబడి వేలు తడిపాడు.

"ఒరే, నిన్న ఇక్కడ ఒక అల కనిపించిందిరా. ఇవాళ లేదు."

"ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? అది కర్ర కాదు, పొట్టు చెక్క మీద అంటించిన కాగితం!"

"నీ బీరువా, నీకే దొరుకుతుంది. లే, నీ వేలు పెట్టు."

"కుడిది పెడతా."

"కుడిది పొగాకు కంపు. ఎడమది."

"పోరా దరిద్రుడా," అంటూనే జుహేరి లేచాడు. ఎడమచెయ్యి వేలాడుతోంది. సోబానా మోచేతి కింద తన అరచెయ్యి ఆనించాడు. చెయ్యి వణుకుతూ లేచింది.

"అబ్బా! చచ్చిపోతున్నాను."

"చద్దువుగాని, ఒక్క అంగుళం పైకి రుద్దు. పైన పులిచారలున్నాయేమో."

జుహేరి పళ్ళు బిగించాడు. బొటనవేలు బీరువా మీద అంగుళం పాకింది. ఇంకో అంగుళం. అప్పుడు చూసింది ఎంతిన్. బీరువా మీది బొమ్మకాగితం మోకాలి ఎత్తునుంచి భుజం ఎత్తు దాకా, ఒక్క బాటలా అరిగిపోయి ఉంది. ముప్ఫై ఏళ్ళు కర్రకి మెరుగు పెట్టిన మనిషికి, అది కాగితమని గుమ్మంలోంచే తెలుస్తుంది.

తరవాత సోబానా జేబులోంచి పాత ముడులున్న దారం తీసి, జుహేరి ఎడమచేతి వేళ్ళు చాపించి, చూపుడువేలునుంచి చిటికెనవేలి దాకా మళ్ళీ కొలిచాడు. మామూలు మెడ మీద మెట్ల దూరానికి ఆ వేళ్ళు చాలవు. మెడ ఎందుకు పొట్టిదో ఆవిడకి అర్థమైంది. చప్పుడు కాకుండా ఇంటికొచ్చి తల తుడుచుకుంది.

మర్నాడు నాలుగింటికి, వేడి సురాబి పొట్లం ఒకటి మొగుడి చేతిలో పెట్టింది. "ఆ బీరువాకి ఇవ్వండి," అంది. సోబానా పొట్లం వంకా ఆవిడ వంకా చూసి, గొడుగు తెరవడం కూడా మరిచి వానలోకి పోయాడు.

ఆదివారం పెళ్ళి. పందిట్లో మాట్లాడిన బేస్ మనిషి వచ్చి కూర్చున్నాడు. సోబానా బట్టలో చుట్టిన బేస్‌ని ఒళ్ళో పెట్టుకుని, గుమ్మం వైపే చూస్తున్నాడు. మొదటి పాట అయింది. రెండోదీ అయింది. ఎంతిన్ కండువా కొస మెలితిప్పి మెలితిప్పి దారాలు లాగేసింది. మూడో పాటకి ముందు జనం పక్కకి తప్పుకున్నారు. ఇస్త్రీ చొక్కాలో జుహేరి, మెల్లగా, గోడ పట్టుకోకుండా వస్తున్నాడు.

నినింగ్ చేతిలోని మైకు కింద పడింది. మాట్లాడిన మనిషి తనంతట తానే లేచి కుర్చీ ఇచ్చాడు. జుహేరి ఒళ్ళో పులి కళ్ళ బేస్ పెట్టాడు సోబానా. బేస్‌కి వైరు తగిలించగానే స్పీకరు పెట్టె గుయ్‌మని అరిచింది. పెళ్ళికూతురు చెవులు మూసుకుంది. సోబానా వంగి వైర్లు తడిమాడు. ఏ వైరు ఊడింది? ఎక్కడ? జుహేరి తొణక్కుండా కుడి అరచెయ్యి తీగల మీద వేశాడు. అరుపు ఆగింది. ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే తీగ మీదికి పాకాయి. నొక్కాడు. మీటాడు.

ఒక్క మోత. నిండుగా, బొడ్డు దగ్గర తగిలేలా. డోలక్ దాన్ని అందుకుంది.

చిటికెనవేలు రెండుచోట్ల జారింది. పాట సగంలో చెయ్యి ఒళ్ళో పడితే, నాలుగు దరువులు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ ఎత్తాడు. జనం లేచి ఊగుతున్నారు. అతను వంగి పెట్టె మీది మీట తిప్పి మోత పెంచాడు.

"తగ్గించు జుహేరీ! నా గొంతు నాకే వినపడట్లేదు!" అని కేకేసింది నినింగ్. ఎనిమిది నెలల్లో ఆవిడ అతన్ని తిట్టడం అదే మొదలు. కళ్ళ కాటుక కారిపోతుంటే తుడుచుకోకుండా తిట్టింది.

జుహేరి చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడలేదన్నట్టు తల ఊపి, ఇంకొంచెం పెంచాడు.